ఒక్క చాప మీద అందరి పిల్లలు



మొన్న మన సాయంత్రం చదువుల్లో "బడి" అనే మాట మళ్లీ రాశాం. రెండే అక్షరాలు. అందరూ తప్పు లేకుండా రాశారు. ఒక అవ్వ మాత్రం రాసిన పలకను ఒళ్లో పెట్టుకుని చాలాసేపు చూసింది. తర్వాత ఇట్ల అన్నది:

"మా అన్న బడికి పోయిండు బిడ్డా. లోపలికి కాదు. బయట వేపచెట్టు కింద కూసునేటోడు. పంతులు లోపల చెప్పింది చెవిల పడితే పడ్డట్టు, లేకుంటే లేదు. పలక చూపియ్యాలంటే అరుగు మీద పెట్టి దూరం జరగాలె. రెండేండ్లు పోయిండు. ఇగ ఆఖరుకు బర్ల కాడికి పోయిండు."

"పంతులు లోపలికి రానియ్యలేదా అవ్వా?" అని అడిగాను.

"పంతులు మంచోడే. మావోణ్ని లోపల కూసుండబెడితే, తక్కిన పిల్లల తల్లిదండ్రులు మేం మా పిల్లల్ని పంపం అన్నరట. పంతులు మాత్రం ఏం జేస్తడు?"

ఆ మాటకు మన తరగతిలో ఎవ్వరూ నోరు మెదపలేదు. ఎందుకంటే మన చాప మీద అన్ని వాడలవాళ్లం ఉన్నాం. ఊరివాళ్లు ఉన్నారు. ఎస్సీ వాడవాళ్లు ఉన్నారు. తండా నుంచి వచ్చే ఇద్దరు అక్కలు ఉన్నారు. అందరం ఒక్క లైటు కిందే కూర్చున్నాం. అయినా ఎవరి మొహం ఎవరూ చూడలేదు.

అవ్వ చెప్పిన మాట నాకు రెండు రోజులు వదల్లేదు. అందుకే ఈ పాఠం రాశాను. అందరి పిల్లలూ ఒకే బడిలోకి వచ్చినప్పుడు తల్లిదండ్రులు ఏం చేశారు? మన దగ్గర ఏం చేశారు? వేరే దేశంలో ఏం చేశారు? మెల్లగా చదవండి. పొడుగు మాటలు వస్తే విడగొట్టి చదవండి.

ఒక్క పిల్లవాడి అర్జీ

ఈ గొడవ ఇవాళ్టిది కాదు. 1856లో, అంటే మన ముత్తాతలకు కూడా ముందు, ధార్వాడ అనే ఊళ్లో ఒక మహర్ పిల్లవాడు సర్కారు బడిలో చేర్చుకోమని అడిగాడు. ధార్వాడ ఇప్పటి కర్ణాటకలో ఉంది. మహర్లు అంటే మన దగ్గరి మాలల లాగా అంటరానివాళ్లుగా చూడబడిన కులం వాళ్లు. బడివాళ్లు ఆ పిల్లవాణ్ని చేర్చుకోలేదు. అతను ఊరుకోలేదు. పై అధికారులకు అర్జీ పెట్టుకున్నాడు.

అప్పుడు ఇంగ్లీషువాళ్ల కంపెనీ పాలన. బొంబాయి ప్రభుత్వం ఏమన్నదో తెలుసా? ఈ ఒక్కణ్ని చేర్చుకుంటే తక్కిన పిల్లలందరూ బడి మానేస్తారు, అందుకే చేర్చుకోలేం అన్నది. అవ్వ వాళ్ల పంతులు చెప్పిన మాటే! ఆ అర్జీ సంగతి లండన్ దాకా పోయింది. 1858లో అక్కడి పెద్దలు, సర్కారు బడి అన్ని కులాలవాళ్లదీ అని తేల్చారు.

కాగితం మీద తేలింది. మరి ఊళ్లలో? గుజరాత్‌లోని ఖేడా ప్రాంతంలో తక్కువ కులం అనుకున్న పిల్లల్ని చేర్చుకున్నందుకు మిగతా తల్లిదండ్రులు తమ పిల్లల్ని తీసుకుపోయారు. కొన్ని పెద్ద బడులు ఏండ్ల తరబడి మూతపడ్డాయి. తమ పిల్లలకు చదువు లేకపోయినా సరే అనుకున్నారు, పక్కన ఆ పిల్లలు కూర్చోవద్దు అనుకున్నారు. ఈ సంగతి గుర్తుంచుకోండి. ఇలాంటిదే ఇంకొకటి ముందు వస్తుంది.

అంబేద్కర్ పేరు మనందరికీ తెలుసు. మన రాజ్యాంగం రాసిన సంఘానికి పెద్ద. చిన్నప్పుడు సతారా అనే ఊళ్లో ఆయన చదివాడు. బడిలో ఆయనకు వేరే చోటు. ఇంటి నుంచి గోనెపట్టా తెచ్చుకుని దాని మీదే కూర్చోవాలి. సాయంత్రం దాన్ని మళ్లీ ఇంటికి తీసుకుపోవాలి. బడి ఊడ్చే మనిషి కూడా ఆ పట్టాను ముట్టుకోడు. దాహం వేస్తే కుండ తాకవద్దు. నౌకరు పైనుంచి పోయాలి. నౌకరు రాని రోజు నీళ్లు లేవు. అంతే.

హైదరాబాదులో భాగ్యరెడ్డి వర్మ

మన నిజాం రాజ్యంలో ఏమైంది? హైదరాబాదులో భాగ్యరెడ్డి వర్మ అని ఒకాయన ఉండేవారు. 1888లో మాల కుటుంబంలో పుట్టారు. 1906లో జగన్మిత్ర మండలి అనే సంఘం పెట్టారు. మా వాళ్లను అంటరానివాళ్లు అనవద్దు, మేం ఈ నేలకు మొదటివాళ్లం, ఆది హిందువులం అని చెప్పారు. ఆడపిల్లల్ని జోగినులుగా వదిలే పద్ధతి మీద కూడా పోరాడారు.

వేరే బడులు మా పిల్లల్ని రానియ్యకపోతే మా బడి మేమే పెట్టుకుంటాం అన్నారాయన. 1910లో ఇసామియా బజారులో మొదటి బడి పెట్టారు. అప్పుడు సర్కారు చదువు ఉర్దూలో ఉండేది. ఆయన బడుల్లో తెలుగులో చెప్పారు. ఒకటి రెండైంది, రెండు పదైంది, ఇరవైకి మించి అయ్యాయి. తర్వాత నిజాం ప్రభుత్వమే ఆ బడుల్ని తీసుకుని నడిపింది. 1939లో ఆయన చనిపోయారు.

వేరే బడి పెట్టడం మంచిదా, ఉన్న బడిలోకే పోవడం మంచిదా? దీని మీద అప్పుడూ వాదం ఉండేది, ఇప్పుడూ ఉంది. నన్నడిగితే, తలుపు మూసి ఉన్నప్పుడు పిల్లలు ఎండలో నిలబడకుండా ఆయన నీడ చూపించారు. ఆ తలుపు ఎవరు మూశారు అన్నది అడగాల్సిన మాట.

1950 జనవరి 26న రాజ్యాంగం అమలులోకి వచ్చింది. దాని 17వ అధికరణం అంటరానితనాన్ని రద్దు చేసింది. సర్కారు నడిపే బడిలో గానీ, సర్కారు పైసలు తీసుకునే బడిలో గానీ కులం పేరు మీదనో మతం పేరు మీదనో పిల్లల్ని చేర్చుకోం అనవద్దని 29వ అధికరణం చెప్పింది. 1955లో అంటరానితనం పాటించేవాళ్లకు శిక్ష వేసే చట్టం వచ్చింది. 1989లో ఎస్సీ, ఎస్టీల మీద అత్యాచారాలు ఆపడానికి ఇంకా గట్టి చట్టం వచ్చింది.

రూబీ అనే ఆరేండ్ల పిల్ల

ఇప్పుడు దూరదేశం పోదాం. అమెరికా. మన ఊళ్ల పిల్లలు కొందరు ఉద్యోగాలకు పోతున్న దేశమే.

ఆ దేశంలో తెల్లవాళ్లు ఆఫ్రికా నుంచి నల్లవాళ్లను ఓడల్లో పట్టి తెచ్చి, పశువుల్ని అమ్మినట్టు అమ్మి, పత్తి చేలల్లో పని చేయించారు. 1865లో బానిసత్వం పోయింది. అయినా దక్షిణాది రాష్ట్రాల్లో తెల్లవాళ్లకు ఒక బడి, నల్లవాళ్లకు ఒక బడి. నీళ్ల నల్లా వేరు. బస్సులో సీటు వేరు. మన ఊళ్ల హోటళ్లలో రెండు గ్లాసుల పద్ధతి చూసినవాళ్లకు ఇది వేరే చెప్పనక్కరలేదు.

1954 మే 17న అక్కడి సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. రంగును బట్టి వేరే బడులు పెట్టడం తప్పు అన్నది. తల్లిదండ్రులు కోర్టుకు పోయి తెచ్చుకున్న తీర్పు అది.

తీర్పు వచ్చిన ఆరేండ్లకు, 1960 నవంబరు 14న, న్యూ ఆర్లీన్స్ అనే పట్నంలో రూబీ బ్రిడ్జెస్ అనే నల్లపిల్ల తెల్లపిల్లల బడికి పోయింది. ఆమెకు ఆరేండ్లు. అదే రోజు అదే పట్నంలో ఇంకో బడికి ముగ్గురు నల్లపిల్లలు పోయారు. రూబీ మాత్రం ఒక్కతే.

పంపాలా వద్దా అని ఇంట్లో పెద్ద మాటలే నడిచాయి. తండ్రి వద్దన్నాడు. మన బతుకు మనం బతుకుదాం, గొడవ ఎందుకు అన్నాడు. తల్లి ఒప్పుకోలేదు. నా బిడ్డకు మంచి చదువు కావాలె, దాని వెనుక వచ్చే పిల్లలకు కూడా దారి కావాలె అన్నది. చివరికి తల్లి మాటే నెగ్గింది.

పొద్దున నలుగురు పెద్ద పోలీసు అధికారులు కారులో తీసుకుపోయారు. బడి ముందర జనం. అరుపులు. రూబీ ఏమనుకుందో తెలుసా? ఏదో జాతర అనుకుంది! ఆ జనంలో చాలామంది ఆడవాళ్లు, తల్లులు. రోజూ పొద్దున వచ్చి నిలబడి ఆ చిన్నపిల్లను తిట్టేవారు. ఒకామె విషం పెడతానని బెదిరించింది. అందుకని ఇంటి నుంచి తెచ్చుకున్నది తప్ప ఇంకేమీ తినవద్దని రూబీకి చెప్పారు. ఎవరో చిన్న శవపెట్టెలో నల్లబొమ్మను పెట్టి చూపించారు. ఆ బొమ్మను చూసి చాలా భయపడ్డానని పెద్దయ్యాక రూబీ చెప్పింది.

మొదటి రోజు రూబీ పెద్ద టీచరు గదిలోనే కూర్చుంది. ఎందుకంటే తెల్లపిల్లల తల్లిదండ్రులు వరుసగా వచ్చి తమ పిల్లల్ని చేయి పట్టుకుని తీసుకుపోతున్నారు. బడి ఖాళీ అయింది. రూబీకి చదువు చెప్పడానికి ఒక్క టీచరు ఒప్పుకుంది. ఆమె పేరు బార్బరా హెన్రీ. వేరే రాష్ట్రం నుంచి వచ్చిన తెల్లామె. ఒక గదిలో ఒక టీచరు, ఒక పిల్ల. ఏడాదంతా అట్లనే. పాఠం ఆమే చెప్పింది, ఆట ఆమే ఆడింది. నేను పిల్లలకు చదువు చెప్పేదాన్ని కాబట్టి నాకు ఈ టీచరు మీద మనసు ఎక్కువ పోతుంది. చుట్టూ ఉన్నవాళ్లు వద్దంటుంటే రోజూ ఆ గది తలుపు తీయడం చిన్న పని కాదు.

ఇంటి దగ్గర ఇంకా కష్టం. తండ్రి పెట్రోల్ బంకులో పని చేసేవాడు, ఆ పని పోయింది. కిరాణా దుకాణం వాళ్లు సామాను అమ్మం అన్నారు. రూబీ తాత, అమ్మమ్మ ఇంకో రాష్ట్రంలో పాలుకు భూమి చేసుకునేవారు. ఎన్నో ఏండ్లుగా చేస్తున్న భూమి నుంచి వాళ్లను వెళ్లగొట్టారు. మనవరాలు బడికి పోతే తాత భూమి పోయింది! పాలుకు చేసేవాళ్లకు ఈ బాధ నేను చెప్పక్కరలేదు.

వాడకట్టువాళ్లు మాత్రం వదిలిపెట్టలేదు. ఒకాయన తండ్రికి పని ఇచ్చాడు. కొందరు ఇంటికి కాపలా ఉన్నారు. కొందరు పొద్దున కారు వెనుక నడిచి బడి దాకా పోయారు.

తెల్లవాళ్లలో కూడా అందరూ ఒక్క తీరు కాదు. డైసీ గాబ్రియెల్ అనే తల్లి తన చిన్న బిడ్డ చేయి పట్టుకుని ఆ జనం మధ్య నుంచే బడికి తీసుకుపోయింది. ఒక పాస్టరు కూడా తన బిడ్డను తీసుకుపోయాడు. జనం వాళ్లను కూడా తిట్టారు, వాళ్ల వెంట పడ్డారు. డైసీ భర్త పని వదులుకోవాల్సి వచ్చింది. చివరికి ఆ కుటుంబం ఆ రాష్ట్రమే విడిచి పోయింది. తమ పిల్ల చదివే బడికి తమ పిల్లను పంపినందుకు ఈ శిక్ష.

తర్వాతి ఏడాది ఆ బడికి ఇంకొందరు నల్లపిల్లలు వచ్చారు. తెల్లపిల్లలు కూడా తిరిగి వచ్చారు. జనం అరుపులు ఆగాయి.

బడి మూసేసినవాళ్లు

ఖేడా సంగతి గుర్తుంచుకోండి అన్నాను కదా. అమెరికాలో వర్జీనియా రాష్ట్రంలో ప్రిన్స్ ఎడ్వర్డ్ అనే జిల్లా ఉంది. నల్లపిల్లల్ని కలుపుకోవాలని కోర్టు గట్టిగా చెప్పేసరికి, అక్కడి పెద్దలు 1959లో సర్కారు బడులన్నీ మూసేశారు. 1964 దాకా తెరవలేదు. ఐదేండ్లు! తెల్లపిల్లల కోసం వాళ్ల తల్లిదండ్రులు వేరే ప్రైవేటు బడి పెట్టుకున్నారు. నల్లపిల్లలు చాలామంది ఇండ్ల దగ్గరే ఉండిపోయారు. కొందరిని తల్లులు వేరే ఊళ్లలో చుట్టాల ఇండ్లకు పంపారు. తొమ్మిదేండ్లకు బడి మూసేస్తే పద్నాలుగేండ్లకు తెరిచారు. ఆ పిల్ల ఏ తరగతిలో కూర్చోవాలె?

ఇది చదివినప్పుడు నాకు మన ఊరి రోడ్డు గుర్తొచ్చింది. పొద్దున ఎనిమిది గంటలకు మరిపెడ బంగ్లా వైపు పసుపు పచ్చ బస్సులు వరుసగా పోతాయి. చేతిలో నాలుగు పైసలు ఉన్నవాళ్ల పిల్లలు బస్సు ఎక్కుతారు. సర్కారు బడిలో మిగిలేది ఎక్కువగా ఎస్సీ వాడ పిల్లలు, తండా పిల్లలు, కూలికి పోయేవాళ్ల పిల్లలు. బస్సు ఎక్కించే తల్లులందరూ కులం చూసే ఎక్కిస్తున్నారని నేను అనను. ఇంగ్లీషు కోసం పంపేవాళ్లున్నారు. సర్కారు బడిలో టీచర్లు సరిపోను లేరని పంపేవాళ్లున్నారు. ఎస్సీ వాడ నుంచి, తండా నుంచి కూడా అప్పు చేసి పంపుతున్నారు. కానీ "తండా పిల్లలతో కలిస్తే మావోనికి మాట రాదు" అన్న తల్లిని కూడా నేను చూశాను. తండా పిల్లకు ఇంట్లో లంబాడీ మాట, బడిలో తెలుగు, పుస్తకంలో ఇంగ్లీషు. మూడు మాటలు నేర్చుకుంటున్న పిల్లను చూసి, ఒక్క మాట వచ్చిన పిల్లకు ఏం చెడుతుందో నాకు అర్థం కాలేదు.

టిఫిన్ బాక్సు

ఇప్పుడు చెప్పేది నా తప్పు కూడా. నేను కొన్నాళ్లు ఒక బడిలో చదువు చెప్పాను. ఊరి పేరు వద్దు.

బడిలో మధ్యాహ్నం వండిన అన్నం పెట్టాలని 2001 నవంబరులో సుప్రీంకోర్టు ఆజ్ఞ ఇచ్చింది. మన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2003 జనవరిలో మొదలైంది. వంట మన మహిళా సంఘాల ఆడవాళ్లకే ఇచ్చారు. వంటవాళ్లను పెట్టుకునేటప్పుడు ఎస్సీ, ఎస్టీలకు ముందు చోటు ఇవ్వాలని 2004 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు మళ్లీ చెప్పింది. ఎందుకంటే చాలా ఊళ్లలో ఎస్సీ ఆడమనిషి వండితే మా పిల్లలు తినరు అని తల్లిదండ్రులు అడ్డం తిరిగారు.

నేను చెప్పిన బడిలో వంటక్క ఎస్సీ వాడ ఆమె. పప్పు చాలా బాగా చేస్తుంది. ఎవరూ ఏమీ అనలేదు. గొడవ లేదు. కానీ ఆరుగురు పిల్లలు ఇంటి నుంచి టిఫిన్ బాక్సు తెచ్చుకునేవారు. వేరే వేపు కూర్చుని తినేవారు. గుడ్డు పెట్టే రోజు కూడా గుడ్డు తీసుకోరు. వంటక్క ఆ ఆరు గుడ్లు లెక్కపెట్టి పక్కన పెట్టేది. నేను చూశాను. చూసి ఊరుకున్నాను. కొత్తగా వచ్చినదాన్ని, నాకెందుకు అనుకున్నాను.

ఒకరోజు అందులో ఒక పిల్లవాడి తల్లిని మెల్లగా అడిగాను. "నాకేం లేదు టీచరమ్మా. మా అత్త ఊకోదు. వాడోళ్లు ఏమనుకుంటరో" అన్నది. అత్తను అడిగితే ఆమె కూడా వాడవాళ్ల పేరే చెప్పింది. అడుగుతూ పోతే ప్రతి ఇంట్లో పక్కింటి పేరే. అమెరికాలో ఆ జనంలో నిలబడ్డ తల్లుల్లో కూడా సగం మంది ఇట్ల పక్కింటికి భయపడి వచ్చినవాళ్లే అయి ఉంటారని నాకు అనిపిస్తుంది.

బాక్సుల గొడవ ఎట్ల తగ్గిందంటారా? నేను చేసింది ఏమీ లేదు. పిల్లలే చేశారు. వానాకాలంలో ఒక రోజు బాక్సు పిల్లలు కూర్చునే చోట నీళ్లు కారాయి. అందరూ ఒకే వరండాలో కూర్చోవాల్సి వచ్చింది. ఒక పిల్లవాడు పక్కవాడి ప్లేటులోంచి పప్పు వేసుకున్నాడు. మర్నాడు బాక్సు తెచ్చాడు గానీ మూత తీయలేదు. నెల తిరిగేసరికి నలుగురు బడి అన్నమే తిన్నారు. ఇద్దరు చివరిదాకా తినలేదు.

మీకు ఒక సంగతి చెప్పాలి. 2009లో వచ్చిన విద్యాహక్కు చట్టం ప్రకారం ప్రతి సర్కారు బడికి ఒక కమిటీ ఉండాలి. అందులో నాలుగు వంతుల్లో మూడు వంతులు తల్లిదండ్రులే ఉండాలి. మొత్తం సభ్యుల్లో సగం ఆడవాళ్లు ఉండాలి. వెనుకబడిన వర్గాల తల్లిదండ్రులకు వాళ్ల లెక్క ప్రకారం చోటు ఉండాలి. పిల్లలు ఎక్కడ కూర్చుంటున్నారు, నీళ్లు ఎక్కడ తాగుతున్నారు, అన్నం ఎట్ల తింటున్నారు అని చూసే హక్కు ఆ కమిటీ తల్లులకు ఉంది. కాగితం మీద వేలిముద్ర అడిగితే వద్దనండి. ముందు చదవండి. ఇప్పుడు మీకు చదువు వచ్చు. తర్వాత సంతకం చేయండి.

రూబీ సంగతి నేను నిన్న రాత్రి మన తరగతిలో నోటితో చెప్పాను. అంతా విన్నాక మొదట మాట్లాడింది ఆ అవ్వే.

"ఆ పిల్ల ఇప్పుడు బతికున్నదా?"

"ఉన్నది అవ్వా. 1954లో పుట్టింది. డెబ్భై దాటాయి. బడులకు పోయి పిల్లలకు తన కథ చెప్తుంది."

అవ్వ వేళ్ల మీద లెక్క పెట్టుకుంది.

"అయితే నా ఈడుదే" అన్నది. కొంచెం ఆగి, "మా అన్న వేపచెట్టు కింద కూసున్నది గా ఏండ్లల్లనే" అన్నది.

పక్కన కూర్చున్న అక్క, ఊరివాళ్ల ఇంటి అక్క, మీ అన్న పేరేంది అవ్వా అని అడిగింది. అవ్వ చెప్పింది. ఆ అక్క తన పలక మీద ఆ పేరు రాసి, ఒత్తు సరిగ్గా పడిందా అని నాకు చూపించింది.